గోపాలప్ప ఎనిమిది గంటల మాత్ర

చింతామణి చరిత్ర రాసేవాళ్ళు పాళెగాళ్ళను ముగించుకుని రెండువేల ఏడో సంవత్సరానికి వచ్చినప్పుడు, గోపాలప్ప పొద్దున ఎనిమిదింటికి మాత్రలు మింగే ఘట్టానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. తన బోరు మోటార్ల సామాన్ల అంగడిలో, గడియారం పెద్దముల్లు పన్నెండు మీదికి ఎక్కేదాకా ఆయన అరచేయి చాపుకుని కూర్చునేవాడు. ముల్లు ఎక్కగానే రెండు మాత్రలు గొంతులో పడేవి. అంతవరకూ, కాలిపోయిన మోటారు మోసుకొచ్చినవాడు కూడా నోరు మెదపకూడదు.

ఈ నిష్ఠకు కారణం ఉంది. ఏడాది కిందట, పాతపాళ్యలో సేద్యం చేసుకునే అక్క పుట్టమ్మ బెంగుళూరు ఆసుపత్రిలో తన కిడ్నీ ఒకటి ఆయనకిచ్చింది. ఒంట్లో ఉండే కాపలా బలగం కొత్త కిడ్నీని దొంగ అనుకుని చావగొట్టకుండా, ఆ బలగాన్ని మత్తులో ఉంచడం ఆ మాత్రల పని. ఒక్క పూట తప్పినా కిడ్నీ పోతుందని చెప్పి పంపారు.

"ఆడమనిషి కిడ్నీ మొగోనికి యాడ పట్టుతాది బావా? ఆర్నెల్లు చూడు" అని భార్య తమ్ముడు చెన్నరాయప్ప కాఫీ ఊదుకుంటూ తీర్పు చెప్పాడు. ఆనాటినుంచి గోపాలప్ప మాత్రలు మింగేది సగం ప్రాణం కోసం, సగం చెన్నరాయప్ప మీద పంతానికి.

పదకొండో నెలలో రక్తపరీక్ష అంకెలు ఎగబాకాయి. సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే, లోపల వైరస్ చేరి ఉంది. డాక్టర్ శశికళ చిక్కబళ్ళాపురం మనిషి. అక్కాతమ్ముళ్ళను కూర్చోబెట్టి తెలుగులోనే చెప్పింది.

"ఇంక పూటకు రెండు వద్దప్పా, ఒకటే. వైరస్ వస్తే కిడ్నీ కణాలు ఊరికే కూర్చోవు. అవే గుర్తుపట్టి కాపలావాళ్ళకు కబురు పంపిస్తాయి. కబురు పోతానే ఉండాది, వచ్చేవాళ్ళే నిద్రలో ఉండారు. వాళ్ళు కొంచెం మేలుకోవల్ల."

"పూర్తిగా లేస్తే?"

"అప్పుడు కిడ్నీనే కొడతారు. అందుకే వారం వారం రక్తం చూస్తాం."

గోపాలప్ప బుద్ధిగా తల ఊపాడు. మర్నాడు ఎనిమిదింటికి బుద్ధిగా రెండు మాత్రలు మింగాడు. ఒకసారి ఒప్పుకున్న మాటను ఎవరో కాగితం చూసి మార్చమంటే మార్చుకునే వంశం కాదు తమది. పైగా ఒక మాత్ర తగ్గించి కిడ్నీ పోతే, చెన్నరాయప్ప మాట నిజమైపోతుంది. రెండు వారాలు గడిచాయి. అంకెలు ఇంకా ఎక్కాయి. డాక్టరుకు అంతు చిక్కలేదు.

అప్పుడు పుట్టమ్మ రాగిపిండి మూటతో మొదటి బస్సు దిగి, తిన్నగా అంగడికి వచ్చింది. చాపిన అరచేతిలో రెండు మాత్రలు చూసి మణికట్టు పట్టేసింది.

"ఒరే, ఆ యమ్మ ఒకటే కదరా చెప్పింది?"

"నీ కిడ్నీ పోతే నీకేం జవాబు చెప్పేదక్కా? అందుకే కాపాడతాండా."

"కాపాడతాండావా! చేన్లో గువ్వలు పడినాయి. నేను మంచె మీద డబ్బా కొట్టి రండిరా రండిరా అని అరుస్తాండా. నువ్వేమో వచ్చేవాళ్ళకంతా కల్లు పోసి పండబెట్టినావు. ఒక్కదాన్నే కొట్టి కొట్టి సచ్చేదా?"

"వాళ్ళు లేసి నిన్నే కొడితే?"

"నా చేన్లోకొచ్చి నా మీద చెయ్యెత్తినోడు ఇంకా పుట్టలా. మింగు ఒకటి."

స్టూలు మీదున్న చెన్నరాయప్ప గొంతు సవరించుకున్నాడు. "నేను ముందే చెప్తిని వదినా..."

"నువ్వు నోర్మూసుకో. ఒక కిడ్నీ ఇయ్యమని అడిగిన పొద్దు నీకు నడుమునొప్పి వచ్చినాది కదా, అది తగ్గినాదా?"

గోపాలప్ప ఒక మాత్రను డబ్బీలో వేశాడు. బావమరిది కళ్ళలోకి చూస్తూ రెండోది మింగాడు. చరిత్రలో మొదటిసారి, ముల్లు నాలుగు నిమిషాలు దాటిపోయింది.

మూడు నెలల్లో వైరస్ తగ్గుముఖం పట్టింది. అంకెలు పాత చోటికి దిగలేదు గానీ ఎక్కడం మానుకున్నాయి. బాగేపల్లి సంతలో పుట్టమ్మ చెప్పగా చెప్పగా, ఆమె కిడ్నీ డబ్బా కొట్టి దండును లేపి, పరాయి మూకను పొలిమేర దాటించిన యుద్ధం తాలూకా అంతా పాకింది. ఆ వీరగాథ డాక్టరమ్మ నోటినుంచే వింటే బాగుంటుందని గోపాలప్ప అక్కకు పట్టుచీర కట్టించి, చెన్నరాయప్పను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయాడు. అసలా దొంగ వైరస్ ఏ దారిన జొరబడిందో మా బావమరిదికి చెప్పండమ్మా అని అడిగాడు.

అది చాలామంది కిడ్నీల్లో చిన్నప్పటినుంచీ పడుకుని ఉండేదేననీ, బహుశా పుట్టమ్మ కిడ్నీతోపాటే వచ్చిందనీ డాక్టర్ చెప్పింది.