రెండూ ఎడమ ముక్కలే

లెక్కలు కనిపెట్టినవాడు ఎవడో నాకు దొరికితే వాడిని తెచ్చి మా ఇంట్లో కూర్చోబెట్టి, మా అమ్మాయికి లెక్కలు చెప్పమంటాను. వాడికి అంతకన్నా శిక్ష అక్కర్లేదు. పిల్ల మొద్దు అనుకునేరు, కాదు. ఎనిమిదో తరగతి. తెలుగు పద్యం రెండుసార్లు చదివితే గడగడా అప్పచెప్పేస్తాది. వీధిలో ఎవరింట్లో ఏం గొడవైందో పొల్లుపోకుండా చెప్తాది. లెక్కల పుస్తకం తెరిచేమా, కళ్ళు ఫ్యాను మీదకి పోతాయి. నేను డిగ్రీలో లెక్కలే చదివేను. చదివి చేస్తున్నది మాత్రం జాకెట్లు కుట్టడం. అనకాపల్లిలో మా ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకున్నాను. ఇంట్లో ఉంటాను, లెక్కలు వచ్చు, అంచేత పిల్లకి చెప్పే పని నా నెత్తినే పడింది.

ఆ వారం మా ఇంట్లో అంత రణం ఎందుకు జరిగిందో చెప్తాను. మా ఆయన అచ్యుతాపురంలో మందుల కంపెనీలో చేస్తారు. రోజూ కంపెనీ బస్సులో వెళ్ళి రావడమే. ఆ బస్సులో పక్క సీట్లో కూర్చునే ఆయన కొడుకుని వైజాగ్‌లో హాస్టల్ స్కూల్లో వేసేరట. తెల్లారకుండానే లేపేస్తారట, టీవీ ఉండదట, ఫోను ఉండదట, పిల్లాడు మారిపోయేడట. ఆ అటలన్నీ మోసుకొచ్చి, ఒకరోజు అన్నం తింటూ, "వచ్చే ఏడు దీన్ని కూడా అక్కడ ఏసేద్దాం" అన్నారు. పక్కనే పిల్ల తింటోంది. కలుపుతున్న చెయ్యి అలాగే ఆగిపోయింది దానికి. నేను చూసేను. ఆయన చూడలేదు.

"ఇప్పుడు ఏమైందని?" అన్నాను.

"ఏటవ్వాలి? లెక్కల్లో ఏటొచ్చాయి మార్కులు? ఇంట్లో నువ్వుండీ ఆ సంబడమే కదా!"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల హాస్టల్ సంగతి పక్కకిపోయి నా చదువు మీదకొచ్చింది గొడవ. "వచ్చే సోమవారం టెస్టుంది కదా, అప్పుడు చూడండి దానికెన్నొస్తాయో" అన్నాను. "సరే సూద్దాం. గట్టెక్కితే ఇంట్లోనే ఉంటాది. లేపోతే హాస్టలే. మళ్ళీ తల్లీ కూతుళ్ళు నా మీద పడి ఏడవకండి" అన్నారు. పౌరుషానికి పోయి ఒప్పేసుకున్నాను. పిల్ల నా వంక చూసింది.

టెస్టుకి రెండు పాఠాలు. ఒకటి సమీకరణాలు, రెండోది బొమ్మల్ని గళ్ళ కాగితం మీద అటూ ఇటూ మార్చడం. మార్చడమంటే మూడు రకాలు. ఉన్నది ఉన్నట్టు పక్కకి జరిపితే ట్రాన్స్‌లేషన్. అద్దంలో బొమ్మలా తిరగేస్తే రిఫ్లెక్షన్. ఒక మూల పట్టుకుని గిర్రున తిప్పితే రొటేషన్. ఇంతే. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది చెప్పండి!

మొదటిరోజు సమీకరణాలు మొదలెట్టేను. మూడు ఎక్స్ ప్లస్ ఏడు, ఈజీక్వల్టూ ఎక్స్ ప్లస్ పదిహేను. "ఈ ఏడుని అవతలికి పంపాలి" అన్నాను. పంపింది. ప్లస్ ఏడు ప్లస్ ఏడుగానే వెళ్ళి కూర్చుంది. "గుర్తు మార్చవే!" అన్నాను. "ఎందుకు?" అంది. ఎందుకో చెప్తూ కూర్చుంటే సోమవారం వచ్చేస్తాది. "గుమ్మం దాటి లోపలికొస్తే చెప్పులు విప్పుతావా లేదా? ఇదీ అంతే. ఈజీక్వల్టూ గుమ్మం. గుమ్మం దాటితే ప్లస్ మైనసైపోవాలి, మైనస్ ప్లస్సైపోవాలి. అడక్కు, చెయ్యి" అన్నాను. దానికి అది బాగా పట్టేసింది. ఎక్స్ నాలుగు అని తేల్చి నా మొహంలోకి చూసి నవ్వింది. ఓసి నా తల్లీ, అంతే కదా అని వీపు తట్టేను. ఆ పూట హాయిగా అన్నం తిన్నాం.

మర్నాడు బొమ్మలు. కాగితం మధ్య నిలువుగీత. గీతకి ఎడమ పక్కన ఒక ట్రయాంగిల్. దాన్ని ఏడు గళ్ళు కుడివైపుకి జరపమని లెక్క. మైనస్ అయిదు దగ్గరున్న మూల రెండు దగ్గరికి రావాలి, మైనస్ రెండు దగ్గరున్నది అయిదు దగ్గరికి. అది చేసి చూపించింది. చోటు సరిగ్గా సరిపోయింది. కానీ ట్రయాంగిల్ మొహం అటు తిరిగిపోయింది.

"ఇదేటి?"

"ట్రాన్స్‌లేషన్."

"ట్రాన్స్‌లేషనంటే ఏం చెప్పేను?"

"జరపడం."

"మరిది జరపడమేనా? తిరగేసి పెట్టేవు కదే!"

"నేను తిరగెయ్యలేదు. మైనస్ అయిదు గీత దాటింది, ప్లస్ అయిదు చేసేను. మైనస్ రెండు దాటింది, ప్లస్ రెండు చేసేను. గుమ్మం దాటితే గుర్తు మార్చమన్నావు కదమ్మా."

రబ్బరు తీసి దాని ముందు పడేసేను. "ఆ గుమ్మం వేరు, ఈ గీత వేరు! ఇక్కడ గళ్ళు లెక్కపెట్టి జరపాలి!" అని అరిచేను. "ఏది గుమ్మమో ఏది కాదో ఎలా తెలుస్తాది?" అంది. మంచి ప్రశ్నే. అంచేత ఇంకా గట్టిగా అరిచేను. స్కూల్లో సారు కూడా అవతలికెళ్తే సైన్ మార్చాలనే చెప్పేరట. క్లాసులో సగం మందికి ట్రయాంగిల్ ఇలాగే తిరిగిపోయిందట. ఆ సారు మీదా కోపమొచ్చింది. ఆయన చెప్పిన ముక్కే నేనూ చెప్పేను కదా అని గుర్తొచ్చి ఆ కోపమూ సగంలో ఆగిపోయింది.

జాకెట్లు కత్తిరించే అట్టతో ట్రయాంగిల్ కోసి నేల మీద జరిపి చూపించేను. నేల మీద బాగానే జరుపుతాది. కాగితం మీదకి రాగానే తిరగేసేస్తాది. చెయ్యి అలవాటుపడిపోయింది. నెత్తీ నోరూ బాదుకున్నాను. మా ఆయన రోజూ బస్సు దిగి వచ్చి, గుమ్మంలో షూ విప్పుతూ మా ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అనకుండా లోపలికి పోయేవారు. ఏమైనా అంటే బాగుండును. అనకపోవడం చూస్తే ఇంకా మంట.

ఆ గొడవలోనే ఒక పెళ్ళి జాకెట్టు ఉంది. చర్చి వీధిలో ఉండే ఒకావిడ నాకు పాత కస్టమర్. వాళ్ళ రెండో అమ్మాయి పెళ్ళి. తెల్ల పట్టు ముక్క, దాని మీద వెండి జరీ బుటాలు. ఎక్కణ్ణుంచో ఏరి తెచ్చేరు, అదనంగా జానెడు గుడ్డ కూడా లేదు. మామూలు గుడ్డైతే మడత పెట్టి ఒకేసారి కత్తిరిస్తాం. మడత వల్ల కుడి ముందు ముక్కా ఎడమ ముందు ముక్కా ఎదురెదురుగా వాటంతటవే వచ్చేస్తాయి. బుటాలున్న గుడ్డకి అలా కుదరదు. బుటాలు రెండుపక్కలా సమంగా రావాలంటే ఒక్కొక్క ముక్కే విడిగా కొయ్యాలి. అట్ట పెట్టి ఒకటి కోసేక, అట్టని బోర్లా తిరగేసి రెండోది కొయ్యాలి. కుట్టుపని నేర్చిన మొదటి నెల్లో చెప్పే సంగతి ఇది.

శుక్రవారం సాయంత్రం. నేను బల్ల దగ్గర, పిల్ల కింద చాప మీద. దాని చేతిలో గళ్ళ కాగితం, నా చేతిలో కత్తెర. ఒక ముక్క కోసి, అట్ట పక్కకి జరుపుకుంటూ, "మళ్ళీ మొహం తిప్పేవా? చూసుకోవా? హాస్టల్లో పడేస్తే తెలుస్తాది!" అని అరుస్తున్నాను.

"అమ్మా" అంది.

"నోర్మూసుకుని లెక్క చెయ్."

"అది కాదమ్మా, అట్ట..."

"మళ్ళీ మాట్లాడతావేటి! కాగితం చూడు!"

చూసింది. నేను కోసేసేను. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టేను. ఓరి నాయనో! రెండూ ఎడమ ముక్కలే. తిరగేసి పెడితే జరీ దారాల వెనకవైపు పైకొస్తాది. చేతులకని ఉంచింది తప్ప గుడ్డ ఇంక లేదు. పెళ్ళి మూడ్రోజుల్లో ఉంది. స్టూలు మీద కూలబడ్డాను.

పిల్ల లేచి వచ్చింది. రెండు ముక్కలూ చూసింది. "నువ్వు జరిపేవమ్మా. తిరగెయ్యాలి కదా. ముందే చెప్దామంటే నువ్వు వినలేదు." అని ఊరుకోకుండా గళ్ళ కాగితం తెచ్చి ముక్కల పక్కన పెట్టి కాసేపు అటూ ఇటూ చూసింది. "అయితే నేను చేసింది జాకెట్టుకి పనికొస్తాది, లెక్కకి పనికిరాదు. నువ్వు చేసింది లెక్కకి పనికొస్తాది" అంది. అని గబగబా రబ్బరు తీసి చెరిపేసి, మూలలు ఒక్కొక్కటే ఏడు గళ్ళు లెక్కపెట్టి జరిపింది. మొహం తిరగలేదు. రిఫ్లెక్షన్ కూడా చేసి చూపించింది. అదీ కరెక్టే. నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు. పెళ్ళివారి పట్టుగుడ్డ నాశనమైతే గానీ నా కూతురికి లెక్క రాలేదు!

"మరి ఆ గుమ్మం దాటితే గుర్తెందుకు మారుతాది?" అని మళ్ళీ అడిగింది. అప్పటికి అరవడానికి నాలో ఓపిక లేదు. "అసలు ఏదీ ఏ గుమ్మమూ దాటదు. రెండుపక్కలా సమంగా ఉంది కదా. ఇటుపక్క ఏడు తీసేస్తే అటుపక్కా ఏడు తీసెయ్యాలి, లేకపోతే సమానం చెడిపోతాది. అంతే" అన్నాను. "అయితే ఏడు ఎక్కడికీ వెళ్ళదా?" అంది. "వెళ్ళదు" అన్నాను. "అలా చెప్పొచ్చు కదా మొదటే" అంది. కొట్టబోయి ఆగేను.

జాకెట్టు సంగతి చర్చి వీధి ఆవిడకి నేనే వెళ్ళి చెప్పుకున్నాను. ఆవిడ రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుని, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడేరు. చేతులకని ఉంచిన గుడ్డలోంచి కుడి ముక్క తీసి, చేతులకి తెల్ల నెట్ వేసి, లోపల లైనింగ్ ఇచ్చేను. పెళ్ళికూతురికి నచ్చిందట. తల్లికి నచ్చలేదు. మళ్ళీ నాకు గుడ్డ ఇవ్వలేదు ఆవిడ.

సోమవారం టెస్టు రాసింది. ఆ వారంలోనే పేపర్లు ఇచ్చేసేరు. గట్టెక్కడం కాదు, క్లాసులో పైనున్న పిల్లల్లో పడింది. మిషన్ ఆపేసి పేపరంతా నాలుగుసార్లు చూసేను. సాయంత్రం మా ఆయన బస్సు దిగే వేళకి పిల్ల పేపరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఆయన షూ కూడా విప్పకుండా చూసేరు. మొహం విప్పారింది. నిజంగా సంతోషించేరు, లేనిది చెప్పకూడదు.

"శభాష్!" అన్నారు. "ఈ మార్కులుంటే ఇంక దిగుల్లేదు. హాస్టల్లో మంచి బ్యాచ్‌లోనే ఏత్తారు. లేపోతే మామూలు బ్యాచ్‌లో పడేద్దురు."

గట్టెక్కితే ఇంట్లోనే ఉంటాదన్న మనిషేనా ఈయన అనుకున్నాను. పిల్ల ఆయన వంక చూడలేదు. నా వంక తిరిగింది.

"అయితే పాసైనా ఫెయిలైనా వెళ్ళేదాన్నే కదమ్మా? మరి నన్ను అన్ని తిట్లెందుకు తిట్టేవు?"

కోపం తన్నుకొచ్చింది నాకు. ఆయన మీదా, ఆ బస్సులో పక్క సీటాయన మీదా, నా మీదా. "పిల్ల ఎక్కడికీ వెళ్ళదు" అన్నాను. "మార్కులొచ్చినా వెళ్ళదు, రాకపోయినా వెళ్ళదు. నేను పంపను."

ఆయన బిత్తరపోయి చూసేరు. "నీకు పంపడం ఇట్టం లేపోతే ఆవేళే సెప్పకపోయేవా? నువ్వు మార్కులన్నావు, నేనూ మార్కులన్నాను."

"అడిగేరేటి మీరు? పోనీ, దాన్నైనా అడిగేరేటి?"

ఆయన పేపరు మడతపెట్టి, పిల్ల వైపు తిరిగి, "ఏటమ్మా, ఎళ్తావేటి?" అని అడిగేరు.

"వెళ్ళను" అంది పిల్ల.

"సర్లే అయితే" అని ఆయన వంగి షూ విప్పుకుని లోపలికి పోయేరు. అంతే. ఒక మాట అడిగితే ఒక మాటలో తేలిపోయింది. ఎగిరి గంతెయ్యాల్సింది నేను. తలకాయ తీసుకెళ్ళి గోడకేసి కొట్టుకోవాలనిపించింది.