విన్నది విన్నట్టు చెప్పమన్న టీచరుగారు

మా ఇంగ్లీషు టీచరుగారు పోయిన సోమవారం అమలాపురంలో కన్నుమూశారు. ఆవిణ్ణి బడిలోంచి పంపేసిన మా బడి యజమాని, కరస్పాండెంటుగారే ఫోన్లో అందరికీ సంతాపం పంపారు. నాకు కబురు తెలిసింది అది చూసే. 'మా విద్యాసంస్థకు ఆమె ఆభరణం' అని రాశారు. అందుకే ఈ నాలుగు మాటలూ కోపంతో రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి, మన్నించకపోయినా సరే.

ఆవిడ క్లాసులో బట్టీ పట్టడం ఉండేది కాదు. పేపర్లోంచి ఓ వార్త చదివించేవారు. ఒక్కోసారి ఇంగ్లీషు వాతావరణ వార్తలు వినిపించి, రేపు మీ నాన్నగారు సముద్రం మీద చేపల వేటకి వెళ్లొచ్చా అని ఓడలరేవు పిల్లల్ని అడిగేవారు. ఇక మేం వచ్చీరాని ఇంగ్లీషులోనే వాదించుకోవాలి. ఆవిడ ఆఖరి బెంచీలో కూర్చుని, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని వినేవారు. మధ్యలో తప్పులు దిద్దేవారు కాదు. ఒకటే షరతు. ఎదుటివాళ్ల మాట కాదనాలంటే, ముందు వాళ్లన్నది పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. వాళ్లు ఆయ్, నేనన్నది అదే అని ఒప్పుకుంటేనే మన వంతు. "వినకుండా జవాబిచ్చేవాడికి ఏ భాషా రాదర్రా" అనేవారు.

ఓ రోజు కరస్పాండెంటుగారు గుమ్మంలో నిలబడి, "ఇది క్లాసా, సంతా? పాఠం చెప్పమంటే కబుర్లు పెట్టుకుంటారేంటండి?" అన్నారు. తర్వాత మావైపు తిరిగి, ఈవిడ మీకేమైనా నేర్పుతున్నారా అని అడిగారు. రోజూ గొంతు చించుకుని వాదించుకునేవాళ్లం, ఆ పూట ఒక్కరమూ నోరు విప్పలేదు. నేను ముందు బెంచీలోనే ఉన్నాను. నెలాఖరుకి ఆవిణ్ణి మానిపించేశారు. ఆయన్ని ఎంత తిట్టుకున్నానో నన్నూ అంతే తిట్టుకున్నాను. నేనే రాజోలు దగ్గర ఇంగ్లీషు టీచరునయ్యాక మరీను.

మొన్న చర్చి హాల్లో ఆవిణ్ణి తలుచుకుంటూ ఆదరణ కూడిక జరిగింది. కరస్పాండెంటుగారు పెద్ద దండ తెచ్చి ఫొటోకి వేశారు. మైకు పట్టుకుని, పిల్లల చేత మాట్లాడించే ఆ పద్ధతిని మొదట్నుంచీ తనే ప్రోత్సహించానన్నారు.

నేను లేచాను. ఆ రోజు గుమ్మంలో ఆయన అన్న మాటలన్నీ ఒక్కటీ వదలకుండా అప్పజెప్పి, "మీరన్నది ఇదేనాండి?" అని అడిగాను. హాల్లో అందరూ ఆయనకేసి చూశారు. ఆయన మైకులోనే "ఆయ్" అన్నారు.

"ఆవిడ మాకు నేర్పేరండి. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు" అని కూర్చున్నాను. ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను. ఇన్నేళ్లూ ఆ మనిషి నలుగురిలో తలదించుకోవాలనే కోరుకున్నాను.

అప్పుడు టీచరుగారి భర్త లేచారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. ఫొటో మీంచి ఆ దండ మెల్లిగా తీసి, తెచ్చినాయన చేతుల్లోనే పెట్టారు.

"ఇది మీరట్టుకెళ్లిపోండి బాబూ."

కరస్పాండెంటుగారి కారు రావడం ఆలస్యమైంది. దండని ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన రెండు చేతులా పట్టుకుని, గేటు బయట ఎండలో నిలబడ్డారు. మేమెవ్వరం దగ్గరికి వెళ్లలేదు.