శ్రుతి కుదరని మామయ్య

మా మామయ్య గిటార్ ఏనాడూ శ్రుతిలో ఉండేది కాదు. ఉందని ప్రపంచమంతా ఒప్పుకున్నా ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఉరుములూ మెరుపులూ ఆశించి రాక్ కచేరీకి వచ్చిన జనానికి, పాటకీ పాటకీ మధ్య తల వంచుకుని గిటార్ తీగల మరలు తిప్పుకునే పెద్దమనిషి దొరికేవాడు.

"అయ్యా, ఇక్కడ ముసలాళ్లమైపోతున్నాం!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచేవారు.

"ఉండు నాయనా, కలిసే అవుదాం," అనేవాడు మామయ్య మైకులో.

అత్తయ్యదీ అదే గోల. "గొడవపడ్డా అంతే. జవాబు చెప్పేముందు ఆ తీగలు సరిచూసుకుంటారు. ఈలోగా నా కోపం చల్లారిపోతుంది!"

బ్యాండ్ చెదిరిపోయాక మామయ్య సోలో ఆల్బమ్‌కి దిగాడు. సగం సొంత పాటలు, సగం ఆయన ప్రాణం పెట్టుకున్న ఇతరుల పాటలు. స్టూడియోకి పాత డ్రమ్మర్‌ని వెంటబెట్టుకొచ్చాడు.

"సోలో అంటే మీరొక్కరే కదండీ?" అన్నాడు రికార్డింగ్ ఇంజనీరు.

"ఒక్కణ్ణే. నేనూ, వీడూ."

డ్రమ్మర్‌కి ఊపిరితిత్తుల జబ్బు. ఒక పాట వాయిస్తే మనిషి కొలిమితిత్తిలా రొప్పేవాడు. ఇంజనీరు తొందర మనిషి. "ఆయన వల్ల ఆలస్యమైతే మెషిన్ దరువు పెట్టేద్దాం సార్," అని మొదటే తేల్చేశాడు. ఇందులోంచి తీసేస్తే ఇంకెవరూ తనని పిలవరని డ్రమ్మర్‌కి తెలుసు. ఆ మాట విని కర్రలు గట్టిగా పట్టుకున్నాడు.

ఇక మామయ్య విజృంభించాడు. సొంత పాటకి ముందు కాసేపు శ్రుతి, ఇతరుల పాటకి ముందు ఇంకాసేపు.

"దానికెందుకండీ అంతసేపు?" ఇంజనీరు జుట్టు పీక్కున్నాడు.

"పరాయి సొమ్ము కదయ్యా, జాగ్రత్తగా వాడాలి."

ఆరోజు రికార్డింగ్ చూద్దామని నేనూ స్టూడియోకి వెళ్లాను, అప్పుడు హెడ్‌ఫోన్స్ నా చెవులకున్నాయి. ప్రతి తీగా చక్కగా పలుకుతోంది. మామయ్య మరను కాస్త దించాడు, మళ్లీ అక్కడికే ఎక్కించాడు. చూపు మాత్రం గిటార్ మీద లేదు. డ్రమ్మర్ భుజాల మీద ఉంది. అవి ఎగసిపడటం తగ్గగానే, "ఆఁ, ఇప్పుడు కుదిరింది," అన్నాడు.

ఆ ఆల్బమ్‌లో ఒక్క దెబ్బా యంత్రం కొట్టింది కాదు. విన్నవాళ్లు ఇతరుల పాటల్ని ఆయనవే అనుకున్నారు, ఆయన పాటల్ని ఎక్కడో విన్నామన్నారు. రెండింటినీ ఆయన పొగడ్తగానే పుచ్చుకున్నాడు. నాకైతే ఇప్పటికీ అది వింటే ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది.

మామయ్య పోయాక పరామర్శకి వచ్చిన డ్రమ్మర్‌కి, ఆరోజు నేను చూసింది చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నాకు తెలీదనుకున్నాడు వెధవ! ఊపిరి ఎప్పుడో సర్దుకునేది. అయినా ఆయాసం నటిస్తూ కూర్చునేవాణ్ణి. వాడు అంత శ్రద్ధగా అబద్ధమాడుతుంటే, మధ్యలో ఆపబుద్ధయ్యేది కాదమ్మా."