డ్రిల్లు టీచర్ మాట వినని కుక్క

త్సోంకా మరినోవా మా లోమ్ ఊళ్ళో ముప్పై నాలుగేళ్ళు డ్రిల్లు టీచరుగా పనిచేసింది. మెడలో ఈల ఉండేది గానీ దాని అవసరం ఆమెకు పెద్దగా రాలేదు. ఆమె "ఆగండి!" అని అరిస్తే డాన్యూబ్ నది మీద పోయే సరుకు పడవ కూడా ఒక్క క్షణం ఆలోచించుకుంటుందని ఊళ్ళో చెప్పుకునేవారు. రిటైరయ్యాక అదిలించడానికి పిల్లలు లేకపోయేసరికి, మా అపార్ట్‌మెంట్‌లోని ఎనిమిది కుటుంబాల మీద పడింది. సెప్టెంబరులో మేం చలికాలం నిల్వకని బాల్కనీల్లో మిరపకాయలు కాల్చుకుంటుంటే, ఏ కాయ ఎప్పుడు తిప్పాలో పై అంతస్తు నుంచి ఆవిడే చెప్పేది.

"టీచర్, ఒక కుక్కను తెచ్చి పెంచుకోరాదూ?" అన్నాను ఒకరోజు. అందులో నా స్వార్థం లేదని అనను.

"కుర్ర కుక్క అయితే పెంచుకుంటాను. చెప్పినట్టు వినాలి. కారు తియ్యి, స్తమెన్!" అంది.

దిక్కులేని కుక్కలను ఉంచే షెల్టర్ ఊరి బయట ఉంది. దాన్ని చూసుకునే గాలిన్ ఒకప్పుడు ఆమె శిష్యుడు. నలభై దాటిన మనిషి, ఆమెను చూడగానే చీపురు పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డాడు. కుక్కలు ఒక్కసారిగా మొరగడం మొదలుపెట్టాయి.

"నోర్ముయ్యండి!" అంది త్సోంకా.

కుర్ర కుక్కలన్నీ తోకలు ముడుచుకుని మూలలకు చేరాయి. చివరి గదిలో మూతి నెరిసిన ముసలి కుక్క ఒకటి మాత్రం పడుకున్న చోటే తీరిగ్గా కళ్ళు తెరిచి, ఆవిడ వంక చూసి ఆవులించింది.

"చూశావా దాని గుండె ధైర్యం! నాకు ఇదే కావాలి."

"దీని పేరు కరమాన్, టీచర్. పదకొండేళ్ళు. ఇంకో సంగతి..."

"ముసలిదైతే ఏం, నేను పడుచుదాన్నా? మధ్యలో మాట్లాడకు."

"అది కాదు టీచర్, దీనికి..."

"గాలిన్! గ్రౌండు చుట్టూ ఎన్ని రౌండ్లు తిరుగుతావు?"

గాలిన్ నోరు మూసుకుని వెళ్ళి కాగితాలు తెచ్చాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు మా అపార్ట్‌మెంట్ దద్దరిల్లింది. "కూర్చో! లే! ఇటు రా!" ఆ మాటలు కరమాన్ తప్ప అందరం విన్నాం. పరధ్యానంలో నేను రెండుసార్లు కూర్చున్నాను కూడా. ఐదో రోజు పొద్దున, దాని వెనకాల త్సోంకా చేతిలోంచి పళ్ళెం జారి భళ్ళున పగిలింది. కరమాన్ చెవి కూడా కదల్లేదు.

ఆవిడ వెంటనే ఫోన్ తీసింది.

"ఒరేయ్ గాలిన్, ఇది చెవిటిదిరా! ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పనిస్తేగా, టీచర్! వెనక్కి తెచ్చెయ్యండి, ఇంకోటి ఇస్తాను."

ఆవిడ ఫోన్ పెట్టేసి, వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"స్తమెన్, ఇస్క్రా అని ఒక పిల్ల ఉండేది. ఈల ఊదితే అందరికంటే వెనక బయలుదేరేది. బద్ధకం అనుకుని ఏడాదంతా రౌండ్లు తిప్పించాను. ఆఖర్న వాళ్ళమ్మ వచ్చి చెప్పింది, పిల్లకు సరిగా వినపడదని. తప్పయిందని ఒక్క మాట అనలేదు నేను. నాకు అది చేతకాదు."

ఇస్క్రా ఇప్పుడు బస్టాండు పక్కన బేకరీ నడుపుతోంది. మర్నాడు త్సోంకా కరమాన్‌ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. ఏం జరుగుతుందో చూద్దామని నేనూ వెళ్ళాను.

త్సోంకా నేల వంక చూస్తూ ఏదో గొణిగింది.

"కిందికి చూస్తూ చెబితే నాకేం తెలుస్తుంది టీచర్? నా వంక తిరిగి చెప్పండి," అంది ఇస్క్రా.

త్సోంకా తలెత్తి మళ్ళీ చెప్పింది. ఇస్క్రా ఆమె పెదవుల వంక చూసి అర్థం చేసుకుంది.

"ఆ రౌండ్ల వల్లే నా కాళ్ళు గట్టిపడ్డాయని చెప్పి మిమ్మల్ని ఊరుకోబెట్టొచ్చు. కానీ రోజూ ఏడ్చేదాన్ని టీచర్," అంది.

త్సోంకా తల ఊపింది. తర్వాత ఇస్క్రా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కరమాన్ దగ్గర కాలితో నేలను గట్టిగా తట్టింది. నేల అదురుకు అది గభాలున తిరిగింది. ఆమె అరచేయి చూపించి కిందికి దించింది. రెండోసారికి కరమాన్ కూర్చుంది. జున్ను పెట్టి కాల్చిన బనిత్సా ముక్క ఒకటి ఇస్క్రా దాని నోట్లో పెట్టింది.

"ముందు కాలితో తట్టండి, తర్వాత చెయ్యి చూపించండి. కేక అక్కర్లేదు."

"అస్సలు అక్కర్లేదా?" అంది త్సోంకా దిగాలుగా.

ఇస్క్రాకు నవ్వాగలేదు.

ఇది జరిగి ఏడాదిన్నర అయింది. కరమాన్‌ను వెనక్కి ఇచ్చే ఊసే రాలేదు. ఆదివారాలు ఇస్క్రా త్సోంకా ఇంటికి వచ్చి, టీచరుకు చేతి సైగలు నేర్పుతోంది. శిష్యురాలు కాస్త మందమతి అని నాతో రహస్యంగా అంది. ఈ శరదృతువులో కరమాన్ కాళ్ళు పట్టేశాయి. త్సోంకా రోజూ పొద్దున దాన్ని ఎత్తుకుని మూడంతస్తులు దిగుతుంది. నేనొకసారి సాయం పట్టబోయాను.

"నీ నడుం సంగతి నాకు తెలుసు, స్తమెన్. పక్కకి జరుగు," అంది. మెల్లిగానే అంది. అయినా నేను గోడకు అతుక్కుపోయి దారిచ్చాను.