ఒంటి చుక్కకు గీత దొరికిన రోజు

2012 ఎండాకాలంలో నన్ను సర్వేకు వేశారు. అప్పుడు ఎల్లారెడ్డి దగ్గర పల్లెలో అంగన్‌వాడీ ఆయాను. మా ఆయన పోయాక వచ్చిన కొలువు. సంతకం తప్ప రాయడం రాదు కానీ, ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి అత్త కరుస్తుందో తెలుసు. అందుకే హైదరాబాద్ నుంచి వచ్చిన సరిత మేడం వెంట పంపారు.

గల్ఫుకు ఎవరు ఎవరిని తీసుకుపోయారో బొమ్మ గీయడం మేడం పని. మనిషికో చుక్క. ఒకరి సాయంతో ఇంకొకరు పోతే మధ్యన గీత. దాన్ని నెట్‌వర్క్ అంటారట. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పకూడదన్నది ఆమె నియమం. అంగన్‌వాడీలో ఆ నియమం ఉంటే మేమంతా మూగవాళ్లమయ్యేవాళ్లం.

మా ఊరి చుక్కలన్నీ చీమల్లా ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రాజవ్వ మొగుడు మల్లయ్యది మాత్రం ఒంటి చుక్క. దుబాయిలో ఉన్న అతని ఫోను రెండు నెలలుగా మోగడం లేదు. బతికున్నాడో లేడో తెలియక రాజవ్వ సగమైంది.

"ఎవలు తీస్కపోయిండ్రే?" అని అడిగాను.

"ఎవల్లేరట అవ్వా. నా అంతట నేనే పోతున్న అన్నడు. దొర మరి!" అని ముక్కు చీదింది.

వీసా గురించి మగవాళ్లు గొప్పలు చెబుతారని మేడం ఇంకో ప్రశ్న పెట్టుకుంది: విమానం దిగిన రోజు ఎవరి గదిలో తిన్నారు? అది తిన్నవాళ్ల ఇంట్లోనూ, పెట్టినవాళ్ల ఇంట్లోనూ అడగాలి. ఇది సర్వేనా, బంతి భోజనాల లెక్కా అని నవ్వాను. రాజవ్వకు ఆ సంగతీ తెలియదు.

కామారెడ్డి వైపు ఇళ్లలో ఇంకో సర్వే అమ్మాయి అడిగి తెచ్చిన జవాబులను మేడం కంప్యూటర్‌లో కలిపింది. నేను చాయ్ తెచ్చేసరికి ఒంటి చుక్కకు గీత మొలిచింది.

"అటు కొస ఏ ఊరు మేడం?"

"భిక్నూర్," అనేసి, నాలుక కరుచుకుని కంప్యూటర్ మూసింది. "ఆయమ్మా, ఎవరికీ చెప్పొద్దు."

భిక్నూర్ రాజవ్వ తల్లిగారి ఊరు. ఆమె అన్నా దుబాయిలోనే ఉన్నాడు. అడిగి తీసుకుపోయిన బోరు మోటారు కాల్చి తెచ్చాడని, దుబాయి పోకముందే మల్లయ్య అతనితో మాటలు బంద్ చేశాడు. అయినా విమానం దిగిన రోజు తిన్నది అతని గదిలోనే అయ్యుండాలి.

నేను గీత సంగతి చెప్పలేదు. "మీ అన్నకు ఫోన్ కొట్టు" అన్నాను, అంతే.

"ఆయిన పేరెత్తితే నా మొగడు సంపుతడవ్వా."

"సంపనీకైనా దొరకాలె గదనే!"

అన్న ఫోనెత్తాడు. "బావ నా రూంలనే ఉన్నడు చెల్లే. కాలిరిగింది, ఫోను పలిగింది. ఇంట్ల చెప్పద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

వెనక నుంచి మల్లయ్య గొంతు: "దానికెవలు చెప్పిండ్రు?"

"కాలే ఇరిగింది, నోరు మంచిగనే ఉన్నది!" అని రాజవ్వ ఏడుస్తూనే తిట్టింది.

ఆ సర్వేలో నేను నేర్చుకున్నది ఇది: పోయిన మనిషి జాడ కావాలంటే పంపిందెవరని కాదు, అన్నం పెట్టిందెవరని అడగాలి. రెండు కొసలా అడగాలి. మేడం కూడా ఒకటి నేర్చుకుంది. ఆ తర్వాత నా చాయ్ గ్లాసుల చప్పుడు వినగానే కంప్యూటర్ మూసేది.