పైన బోర్డు, కింద ట్రూడీ

లోవెల్ బ్రాండెవీ మా ఒహాయోలో కౌంటీ రోడ్ల శాఖకు ముప్పై ఏళ్లు బోర్డులు చేశాడు. ముందు మలుపుందని, వంతెన ఇరుకని, జింకలు అడ్డొస్తాయని మా లైమా ఊరి చుట్టుపక్కల ఏ బోర్డు చెప్పినా లోవెల్ చెప్పినట్టే. రిటైరయ్యాక జనానికి చెప్పడానికి ఏమీ మిగలక మనిషి చిక్కిపోయాడు. అప్పుడే బేస్‌మెంటులో వీడియోగేమ్ పెట్టె కట్టడం మొదలెట్టాడు.

నిలువెత్తు చెక్క పెట్టె. లోపల కంప్యూటరు, అందులో మూడు వేల పైచిలుకు పాత ఆటలు. మా చిన్నప్పుడు స్కేటింగ్ రింకుల్లో ఒక్కో ఆటకీ ఒక్కో పెట్టె ఉండేది, దాని నెత్తిన ఆ ఆట పేరూ బొమ్మా ఉన్న అద్దం బోర్డు వెలుగుతుండేది. లోవెల్ ఆ అద్దం ఉండాల్సిన చోట సన్నటి, పొడుగాటి డిజిటల్ తెర బిగించాడు. కింద ఏ ఆట ఎంచుకుంటే పైన ఆ ఆట బోర్డు వస్తుంది. పెట్టెకు రెండు నెలలు పట్టింది. బోర్డుకు మూడేళ్లు పట్టింది, ఇంకా పడుతూనే ఉంది.

ఎందుకంటే అయ్యగారికి ఉజ్జాయింపు పనికిరాదు. ప్రతి ఆటకీ అసలు బోర్డు ఫొటో సంపాదించాలి, గీతలు చెరపాలి, రంగులు సరిచూడాలి. అంతవరకూ ఆ ఆట జాబితాలో కనపడకుండా దాచేస్తాడు. బోర్డు లేకుండా ఆడటం అతని దృష్టిలో చొక్కా లేకుండా చర్చికి వెళ్లడం. ఇంతా చేసి, ఆ మూడు వేల ఆటల్లో ఒక్కటంటే ఒక్కటి అతను ఆడగా నేను చూడలేదు.

ఆ ఇంట్లో ఆడటం వచ్చింది అతని భార్య ట్రూడీకే. పక్కింటిదాన్ని కాబట్టి నాకు తెలుసు. 1984 వేసవిలో మా ఊరి రింకులో ‘హార్బర్ పైలట్’ అనే ఆటలో ఆవిడ స్కోరు లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందలు. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా రేవుకు చేర్చాలి, అంతే ఆట. ఆ వేసవంతా ఆ స్కోరును ఎవరూ దాటలేకపోయారు. ఆ అంకె మా వీధిలో అందరికీ కంఠతా వచ్చు, లోవెల్‌కి మరీను. కానీ ఆ పెట్టెలు చేసిందే కొద్ది, బోర్డు ఫొటో ఎక్కడా దొరకలేదు. కాబట్టి ట్రూడీ ఆట కూడా దాక్కునే ఉంది.

రెండేళ్లు ఆవిడ నవ్వి ఊరుకుంది. మూడో ఏడు ఆవిడ ఎడమ చేతి బొటనవేలి కీలు అరిగిపోయింది. అక్టోబరులో ఆపరేషన్ చేసి, ఆ కీలు ఇక కదలకుండా బిగించేస్తానన్నాడు డాక్టరు. ఆటలో ఓడలు నడిపే జాయ్‌స్టిక్ తిప్పేది ఆ చేత్తోనే.

"ఈలోపు ఒక్కసారి ఆడనియ్యి లోవెల్, బోర్డు లేకపోతే పీడా పోయింది," అంది నా ముందే, బంగాళాదుంపలు తరుగుతూ.

"ఖాళీ బోర్డు కింద నిన్ను నిలబెడతానా? నీకోసమేగా ఇంత వెతుకుతున్నా," అన్నాడు ఎంతో ప్రేమగా. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆపరేషన్ మంగళవారం. అంతకుముందు గురువారం నెబ్రాస్కా నుంచి ఎవరో ఆ ఫొటో పంపారు. లోవెల్ తిండీ నీళ్లూ మాని బోర్డు తయారుచేసి, శనివారం మధ్యాహ్నం తన సంఘం వాళ్లను పిలిచాడు. అవును, ఇలా పాత ఆటల పెట్టెలు కట్టేవాళ్లకో సంఘం కూడా ఉంది. ట్రూడీ ఆ వేలితోనే గుడ్లు ఉడికించి మయొనైజ్ కూరింది, వేరుశనగ ముద్దకు చాక్లెట్ పూసి ఉండలు చేసింది. తర్వాత ఏప్రనుకు చేతులు తుడుచుకుని పెట్టె ముందు నిలబడింది.

పైన బోర్డు వెలిగింది. నారింజ రంగు సాయంత్రం, రేవు, మూడు ఓడలు. పదకొండు మంది పెద్దమనుషులు తలలెత్తి చూశారు. సంఘం అధ్యక్షుడు డెల్మర్ కళ్లజోడు సవరించుకున్నాడు.

"నారింజ కాస్త ఎక్కువైందేమో లోవెల్. అసలుది ఇటుక రంగులోకి దిగి ఉంటుంది."

లోవెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎండకు వెలిసిన రంగు అసలుదా, వెలవకముందుది అసలుదా అని వాదన మొదలైంది. కింద ట్రూడీ ఆడుతోంది. ఆవిడ భుజం పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. వేలు వాచి ఎర్రబడింది, పెదవి పళ్ల మధ్య ఉంది, ఓడలు మాత్రం ఒకదానికొకటి తగల్లేదు. ఇరవై అయిదు నిమిషాలయ్యేసరికి పాత అంకె దాటింది. లక్షా తొంభై ఒక్క వేల రెండు వందల దగ్గర ఆగింది. మూడక్షరాల్లో తన పేరు ఎక్కించి వెనక్కి తిరిగింది.

"చూశావా లోవెల్?"

"చూశా. బోర్డు అర సెకను లేటుగా మారింది. ఉండు, సరిచేస్తా," అంటూ ప్లగ్గు పీకేశాడు.

ఆ పాతకాలపు ఆటలకు జ్ఞాపకముండదు, కరెంటు పోతే స్కోరూ పోతుంది. ట్రూడీ బీరు సీసాల బకెట్టులోని ఐసులో చెయ్యి పెట్టుకుంది.

మెట్ల దగ్గర లోవెల్‌ను నిలేశాను. నీ పెళ్లాం నలభై ఏళ్ల రికార్డు బద్దలుకొడుతుంటే పైకప్పు చూస్తూ నిలబడ్డావు కదయ్యా అని కడిగేశాను. పాపం, నిజంగానే సిగ్గుపడ్డాడు. కానీ సిగ్గుపడితే లోవెల్ చేయగలిగింది ఒక్కటే.

మూడు వారాల తర్వాత చేతికి కట్టుతో ఉన్న ట్రూడీని, నన్నూ కిందికి పిలిచాడు. తెర మీద ఇటుక రంగు సాయంత్రం, ఓడలు, ఆనాటి అక్షరాల్లో ‘ట్రూడీ, రేవు రాణి’. దాని కింద మెరిసిపోతూ లక్షా ఎనభై ఆరు వేల నాలుగు వందలు. కొత్త అంకె ఎంతో ఎవరినీ అడగకుండా, తనకు తెలిసిన పాత అంకె వేసేశాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

ట్రూడీ ఆ అంకె చదువుకుంది. "బాగుంది లోవెల్," అంది.

మెట్లెక్కుతూ, అంకె తప్పని చెప్పవేమే అని గొణిగాను. ఆవిడ సగం మెట్ల మీద ఆగింది. రంగు సరిపోయిందా అని కింది నుంచి కేక. సరిపోయిందని బదులిచ్చి నావైపు తిరిగింది.

"నువ్వు చూశావుగా. ఎంతొచ్చిందో చెప్పు."

లక్షా తొంభై ఒక్క వేల రెండు వందలు అన్నాను.

"ఇంకోసారి చెప్పు," అంది.