విత్తనాలు తిన్న ఏడు

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి హిందూపురంలో మా వంటింట్లో చెనిక్కాయలు వేయించాను. పొట్టు మాడిన ఆ వాసన ముందుగదిలోకి వెళ్ళింది. అమ్మ పోయాక ధర్మవరంలోని అక్క ఇంటినుంచి తెచ్చుకున్న ఫొటో ఆ గదిలోనే గోడకు ఉంది. అందులో ఐదుగురం ఉన్నాం. పీటమీద అవ్వ, వెనక నాయనా అమ్మా, అవ్వకు చెరో పక్క అక్కా నేనూ. అందరం నవ్వుతున్నాం, అందరం బొటనవేళ్ళు లోపలికి మడిచి పిడికిళ్ళు బిగించుకుని ఉన్నాం.

అవి విత్తనాలు ఒలిచే రోజులు. చెన్నేకొత్తపల్లి దగ్గర మా పల్లెలో విత్తనపు వేరుశనగ కాయలను, మా వాడుకలో బుడ్డలను, మిషనుకు వేసేవాళ్ళు కాదు. గింజమీది పొర చెదిరితే మొలవదని చేత్తోనే ఒలిచేవాళ్ళు. ఒలిచిన గింజ ఎక్కువకాలం ఆగదు కాబట్టి, వాన ఖాయమనిపించాకే సంచులు విప్పాలి. మా ఇంట్లో ఆ మాట చెప్పవలసింది అవ్వ. ఆ ఏడు పెనుకొండ దిక్కున మబ్బు కమ్మి, తడిమట్టి వాసనతో గాలి తగలగానే, "ఈ తూరి పడతాది, సంచులు దించు" అని నాయనతో అంది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా పంచలో చుట్టూ కూర్చుని, కాయలు చిట్లే చప్పుడులో గాజుల చప్పుడు కలిసిపోతుండగా, ఎర్రదుమ్ముకు తుమ్ముకుంటూ, ఊళ్ళో అందరి సంగతులూ మాట్లాడుకుంటూ, మధ్యమధ్య బెల్లంముక్కతో బొరుగులు బుక్కుతూ పొద్దుగూకేదాకా ఒలిచేవాళ్ళు. బొటనవేళ్ళు వాచిపోతే అమ్మ పాతచీర పీలికలను ఆముదంలో ముంచి చుట్టేది. చీలిన గింజలు మాత్రమే పిల్లలు తినవచ్చు.

"ఏమ్మే, నీ చేతికే అన్నీ చీలిపోతాండాయే?" అంది అవ్వ ఒకరోజు అక్కతో.

"బుడ్డలే అట్ల ఉండాయవ్వా," అంది అక్క నములుతూ.

"బుడ్డలా, నీ కడుపా?"

పక్కింటి పెళ్ళికి వచ్చిన ఫొటోగ్రాఫరు, రీలులో ఒకటి మిగిలిందని మా పంచలోకి వచ్చింది అప్పుడే. "ఏమప్పా, అందరూ నన్ను కొట్టేకి వస్తాండారా? చేతులు ఇప్పండి," అన్నాడు.

"పీలికలు ఫొటో తీసి ఏం చేసుకుంటావబ్బా, మొగాలు తీసుకోపో," అంది అవ్వ. ఆ మాటకు వచ్చిన నవ్వే ఫొటోలో పడింది.

ఆ మబ్బు కురవలేదు. నాయన పొద్దున్నే చేనికి వెళ్ళి, కాలివేలితో మట్టి గీరి చూసి వచ్చేవాడు. మూల గదిలో పరిచిన గింజల మీద అవ్వ రోజూ చెయ్యి వేసి చూసేది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, అంటే కాస్త తేలికపడేదేమో. చివరకు ఒక మధ్యాహ్నం నాయనే అన్నాడు: "అదును పాయ. ఇంక పెట్టుకుంటే పురుగు పడతాది. పిల్లోళ్ళు తిననీ."

అవ్వే పొయ్యి వెలిగించింది. అన్నాళ్ళూ ముట్టుకోనివ్వని గింజలను వేయించి మా ఒళ్ళో పోసింది. ఆ తర్వాత సంగట్లోకి రోజూ చెనిక్కాయ ఊరిబిండి పచ్చడి, సాయంత్రానికి బెల్లం ఉంటలు, బడికి వెళ్ళేటప్పుడు జేబునిండా పప్పులు. మా బాల్యంలో అంత తిండి మరెప్పుడూ లేదు. అవ్వ మాత్రం ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు.

"వచ్చే ఏడు కూడా వాన రాకుంటే బాగుంటాది," అంది అక్క ఒకరోజు, ఉంట కొరుకుతూ.

అవ్వ అక్క వైపు చూసి, "దీని నోట్లో ఇంకో ఉంట పెట్టమ్మా, మూసుకుంటాది," అంది. నాయన నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేంతగా నవ్వి, లేచి ఎద్దుల దగ్గరికి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అవ్వ పళ్ళెంలోంచి ఒక ఉంట తీసుకుని తింది.

"కరువులో లావైన పిల్లోళ్ళంటే మీరే," అని అమ్మ చివరిదాకా అనేది. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. లేదు.

ఫొటోలో ఉన్నవాళ్ళకు వాన వస్తుందనే నమ్మకం. రాలేదని తెలిసిన వాళ్ళలో అక్కా నేనూ మిగిలాం. మా చేను ఇప్పుడు చిన్నాయన కొడుకు చేస్తున్నాడు. గింజలను మిషనులో ఒలిపించి, వెంటనే పురుగుమందు కలిపి, పిల్లలకు అందకుండా అటకమీద పెడతాడు. వాన రాకపోతే గుంత తీసి పూడ్చేస్తాడు. మా పల్లెలో ఇప్పుడు విత్తనాలు ఎవరూ తినరు.